డర్ట్ బైకు మోయడానికి చవకైన పాత పికప్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

ట్యాంకు నిండా పెట్రోలు పోసిన 450 సీసీ మోటోక్రాస్ బైకు, అంటే మట్టి ట్రాకుల మీద తొక్కే డర్ట్ బైకు, సుమారు 110 కిలోలు తూగుతుంది. ఇద్దరు మనుషులు ఎక్కి కూర్చున్నంత బరువు కూడా కాదది. పాత చిన్న పికప్‌లలో సైతం చాలావాటికి అర టన్ను దాకా మోసే శక్తి ఉంటుంది కాబట్టి, ఒకటి రెండు బైకులను ట్రాకు దాకా తీసుకెళ్లి తిరిగి తెచ్చుకోవడానికి బండి వెతికేవారికి బరువు అసలు సమస్యే కాదు. అయినా అమ్మకపు ప్రకటనలు తిరగేసేటప్పుడు మన కన్ను ముందుగా పడేది ఇంజిన్‌లో ఎన్ని సిలిండర్లున్నాయి, ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా, టైర్లు ఎంత పెద్దవి అనేవాటి మీదే. తక్కువ డబ్బుతో కొనేవారు ఈ వరుసను తలకిందులు చేయాలని నేను గట్టిగా నమ్ముతాను. మొదట బెడ్ (బండి వెనుక సామాను పెట్టే తొట్టి) పొడవు చూడాలి, తరువాత బండి కింద ఫ్రేముకు పట్టిన తుప్పు చూడాలి, ఆ రెండింటిలో నెగ్గిన బండికి మాత్రమే బానెట్ ఎత్తించాలి.

బెడ్ పొడవు దగ్గరే సగం తేలిపోతుంది

పూర్తి పరిమాణపు మోటోక్రాస్ బైకు చివర నుంచి చివరకు దాదాపు 2.18 మీటర్లు, అంటే ఏడడుగుల రెండంగుళాలు ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 1.48 మీటర్లు. 21 అంగుళాల ముందు చక్రం టైరుతో కలిపి అడ్డంగా 69 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ టైరును బెడ్ ముందుగోడకు ఆనించి బైకును నిటారుగా నిలబెడితే, టైరు అడుగున తాకే చోటు గోడకు 34 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది; వెనుక టైరు తాకే చోటు అక్కడి నుంచి మరో 1.48 మీటర్లు, అంటే గోడ నుంచి 1.82 మీటర్ల దగ్గర పడుతుంది. బండి చూడడానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక కొలత టేపు, మనసులో ఈ 1.82 అనే అంకె ఉంటే, అమ్మేవారి మాటలతో పని లేకుండా చాలా సంగతులు తేలిపోతాయి. మీ బైకు దూరపు మట్టిదారుల్లో తొక్కే ఎండ్యూరో రకమో, రోడ్డు మీదా మట్టి మీదా నడిచే పొడవైన డ్యూయల్ స్పోర్ట్ రకమో అయితే ఈ లెక్కనే మీ కొలతలతో ముందుగా ఇంటి దగ్గర వేసుకోవాలి.

అయిదడుగుల బెడ్ అంటే 1.52 మీటర్లు. అందులో వెనుక చక్రం బెడ్ దాటిపోయి, తెరిచి ఉన్న వెనుక తలుపు (టెయిల్‌గేటు) మీద ముప్పై సెంటీమీటర్ల అవతల నిలబడుతుంది. బైకు బరువులో దాదాపు సగం ఆ తలుపు మీదే, అంటే దాన్ని పట్టి ఉంచే రెండు కేబుళ్ల మీద, అడుగున ఉన్న మడతబందుల మీద పడుతుందన్నమాట. నిలకడగా ఉన్న బరువును అవి మోస్తాయి. అయితే గుంతల దారిలో ఆ బరువు నిలకడగా ఉండదు, ప్రతి కుదుపుకూ ఎగిరి పడుతుంది. నా మొదటి పికప్ నాలుగు తలుపులదీ, అయిదడుగుల బెడ్‌దీ. రెండేళ్లు వాడాక ఒకరోజు మట్టి కడుగుతుండగా టెయిల్‌గేటు కేబుల్ కొక్కెం దగ్గర వేలికి ఏదో గుచ్చుకుంది. చూస్తే తీగపోగులు నాలుగైదు తెగిపోయి పల్లేరు ముళ్లలా బయటికి వంగి ఉన్నాయి. కేబుల్ మొత్తం తెగకముందే చూడడం నా అదృష్టం. అప్పటి నుంచి ఎవరు సలహా అడిగినా బెడ్ పొడవుతోనే మొదలుపెడుతున్నాను.

ఆరడుగుల బెడ్ సాధారణంగా 1.85 నుంచి 1.88 మీటర్ల దాకా ఉంటుంది. వెనుక టైరు తాకే చోటు బెడ్ లోపలే, అంచుకు అంగుళం రెండంగుళాల ఇవతల పడుతుంది. టైరు వెనుక భాగం టెయిల్‌గేటు మీదుగా పొడుచుకొస్తుందే కానీ దాని మీద బరువు మోపదు. తేడా పదమూడు, పద్నాలుగు అంగుళాలే అయినా బరువు తలుపు మీద పడడానికీ, బెడ్ మీద పడడానికీ మధ్య ఉన్న తేడా అదే. పైగా ఆరడుగుల బెడ్‌లో బైకును మూలగా, ముందు చక్రం ఒక మూలకు, వెనుక చక్రం ఎదురు మూలకు వచ్చేట్టు నిలబెడితే, చాలా బండ్లలో టెయిల్‌గేటు మూసుకుంటుంది కూడా. ఆ పని రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో తేలే వ్యవహారం కాబట్టి, బెడ్ లైనర్ మందాన్ని కూడా కలుపుకొని లోపలి మూల నుంచి మూలకు కొలిచి చూడాలి. ఆరున్నర అడుగుల బెడ్‌లో ఇబ్బంది ఇంకా తగ్గుతుంది. ఎనిమిది అడుగుల బెడ్‌లో బైకు తిన్నగా నిలబడి, తలుపు మూసుకుని, వెనుక పెట్రోలు క్యానుకూ పనిముట్ల పెట్టెకూ చోటు మిగులుతుంది.

టెయిల్‌గేటు తెరిచే నడపవలసివస్తే మరో సంగతి కూడా ఆలోచించాలి. నంబరు ప్లేటు, వెనుక దీపాలు కనబడాలి. బండి వెనుక పొడుచుకొచ్చే సామానుకు చాలాచోట్ల పరిమితి ఉంటుంది, ఎర్రజెండా కట్టాలన్న నియమమూ ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, తెరిచిన తలుపు మీద నుంచి హెల్మెట్టు, బూట్లు, పనిముట్లు దారిలో జారిపోతాయి.

బెడ్ పొడవు క్యాబిన్‌తో ముడిపడి ఉంటుంది. ముందు వరుస మాత్రమే ఉన్న రెగ్యులర్ క్యాబ్‌కు పొడవైన బెడ్ వస్తుంది, కానీ తడిసిన బూట్లు, హెల్మెట్టు, ఛాతీ కవచం పెట్టుకోవడానికి సీటు వెనుక చోటుండదు. నాలుగు పూర్తి తలుపుల క్రూ క్యాబ్‌లో కుటుంబం హాయిగా కూర్చుంటుంది, కానీ పాతవాటిలో ఎక్కువ భాగం పొట్టి బెడ్‌తోనే దొరుకుతాయి. ఈ పనికి నాకు అన్నిటికన్నా నచ్చేది మధ్యస్థమైన ఎక్స్‌టెండెడ్ క్యాబ్. వెనుక సీట్లు పేరుకే ఉన్నా, తాళం వేసుకునే గదిలా సామాను దాచుకోవచ్చు, బెడ్ సాధారణంగా ఆరడుగులకు తగ్గదు. పిల్లలను వెనుక కూర్చోబెట్టవలసినవారికి మాత్రం ఈ సలహా పనికిరాదు. వారు ఆరడుగుల బెడ్ ఉన్న క్రూ క్యాబ్ దొరికేదాకా ఓపిక పట్టాలి, లేదా పెద్ద బండికి వెళ్లాలి.

బెడ్ ఎత్తు, వెడల్పు

ఎత్తును చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఏడడుగుల ర్యాంపును 70 సెంటీమీటర్ల ఎత్తున్న బెడ్ అంచుకు ఆనిస్తే వాలు దాదాపు 20 డిగ్రీలు ఉంటుంది. అదే ర్యాంపును 90 సెంటీమీటర్ల ఎత్తుకు ఆనిస్తే వాలు 25 డిగ్రీలకు చేరుతుంది. కాగితం మీద అయిదు డిగ్రీలు పెద్ద తేడా కాదు. రోజంతా తొక్కి, ముంజేతులు బిగుసుకుపోయి, బూట్ల అడుగున బురద అంటుకుని ఉన్నప్పుడు ఒంటరిగా బైకును ఎక్కించేవారికి ఆ అయిదు డిగ్రీలే కొండ. ముందు చక్రం బెడ్ మీదికి ఎక్కాక బైకు పైన, మనిషి కింద ఉండిపోయి, హ్యాండిల్ తలకన్నా ఎత్తుకు పోతుంది. బైకులు మనుషుల మీద పడేది ఎక్కువగా ఆ క్షణంలోనే. అందుకే టూ వీల్ డ్రైవ్ చిన్న పికప్ ఈ పనికి ఒక వరం. సస్పెన్షన్ ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసిన బండి ఎంత చవకగా వచ్చినా, ఎంత అందంగా ఉన్నా, నేను కొనను. ఎత్తైన బండి తప్పనిసరైతే ఎనిమిది అడుగుల వెడల్పాటి మడత ర్యాంపు కొని, మనిషి కాలు మోపడానికి పక్కన గట్టి మెట్టు ఒకటి ఏర్పాటు చేసుకోవాలి.

వెడల్పు ఒక బైకు మోసేవారికి సమస్య కాదు. రెండు బైకులు మోసేవారు మాత్రం బెడ్ లోపలికి ఉబికి ఉండే చక్రాల గూళ్ల మధ్య దూరాన్ని కొలవాలి. పెద్ద పికప్‌లలో అది 48 అంగుళాలకు పైనే ఉంటుంది, చిన్నవాటిలో 40, 42 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. బైకు హ్యాండిల్ ఒక్కటే 80 సెంటీమీటర్లకు మించి ఉంటుంది కాబట్టి చిన్న బండిలో రెండింటిని పక్కపక్కనే సమంగా నిలబెట్టలేం. ఒకదాన్ని కాస్త వెనక్కి జరిపి, హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలకుండా మెలికగా పెట్టుకోవాలి. అలా పెట్టవచ్చు, నేనూ పెట్టాను, కానీ ప్రతి వారం అదే పని అయితే విసుగు తప్పదు. నిత్యం రెండు బైకులు, ఇద్దరు మనుషులు వెళ్లేవారికి పెద్ద పికప్ తీసుకోమనే చెబుతాను.

చిన్నదా, పెద్దదా

ఒక్క బైకు కోసం ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ8 పికప్ కొంటే ఇంధనం, టైర్లు, బ్రేకులు, పార్కింగ్ అన్నీ ఆ పరిమాణానికి తగ్గట్టే ఉంటాయి. అయితే పాత బజారులో ఒక విచిత్రం ఉంది. చిన్న పికప్‌లకు గిరాకీ ఎక్కువ, దొరికేవి తక్కువ. అందువల్ల బాగా అరిగిపోయిన చిన్న బండి, చక్కగా చూసుకున్న పెద్ద బండి ఒకే ధరకు ఎదురుపడడం తరచూ జరుగుతుంది. ఏడాదికి కొద్ది వేల కిలోమీటర్లే నడిపేవారికి ఇంధనపు ఆదా అంత పెద్దది కాదు. అలాంటివారు పరిమాణం చూసి భయపడకుండా మంచి స్థితిలో ఉన్న పెద్ద బండిని తీసుకోవడమే తెలివైన పని. రోజూ ఉద్యోగానికి కూడా అదే బండి నడిపేవారు మాత్రం చిన్నదాని కోసం ఇంకొన్ని వారాలు వెతకాలి.

ఏ మోడల్‌లో ఏం చూడాలి

పాత పికప్‌ల బజారు అన్నిటికన్నా విశాలంగా ఉన్నది ఉత్తర అమెరికాలో కాబట్టి, ఇక్కడ చెప్పే మోడళ్లు అక్కడ అమ్ముడైనవి.

ఈ పనికి నా మొదటి ఓటు పాత ఫోర్డ్ రేంజర్‌కే. 1983 మోడల్‌తో మొదలై 2011 డిసెంబరులో తయారీ ఆగిపోయేదాకా అక్కడ రేంజర్‌ను నాలుగు పూర్తి తలుపులతో అమ్మలేదు. అంటే ఏ పాత రేంజర్ దొరికినా దాని బెడ్ ఆరడుగులో, ఏడడుగులో ఉంటుంది. పొట్టి బెడ్ పొరపాటున కూడా రాదు. 1994 మోడల్ నుంచి మాజ్దా బి-సిరీస్ పేరుతో అక్కడ అమ్ముడైనదీ ఇదే బండి కాబట్టి దాన్నీ కలిపి వెతకాలి. పాత 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు వాల్వులను ఇంజిన్ తిరుగుడుతో జత కలిపే టైమింగ్ బెల్ట్ ఉంటుంది, అది తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు కాబట్టి ఇంజిన్ పాడవదు. 2001లో వచ్చిన కొత్త 2.3 ఇంజిన్‌కు బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, నన్నడిగితే ఎంచుకోవలసింది అదే. 3.0 వీ6 నెమ్మదస్తురాలే కానీ మొండిది. 2001 తరువాతి 4.0 వీ6తో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. దాని టైమింగ్ చైన్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడులు విరుగుతాయి, చైన్లలో ఒకటి ఇంజిన్ వెనుక వైపు ఉంటుంది, దాన్ని మార్చాలంటే ఇంజిన్ దించాల్సి వస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే డబ్బాలో గులకరాళ్లు ఆడించిన చప్పుడు వినిపిస్తే ఆ బండిని వదిలేయండి. 2004 నుంచి 2011 దాకా వచ్చిన రేంజర్లకు టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల లోపం వల్ల రీకాల్ ఉంది, అంటే వాటిని మరమ్మతుకు వెనక్కి పిలిచారు. 2006 బండ్లలో కొన్నింటిని మరమ్మతు అయ్యేదాకా నడపవద్దని 2018లో ఫోర్డ్ కంపెనీయే హెచ్చరించింది. బండి గుర్తింపు సంఖ్యతో ఆ మరమ్మతు జరిగిందో లేదో ముందే తెలుసుకోవాలి.

టొయోటా టకోమా మీద అందరికీ ఉన్న గౌరవం న్యాయమైనదే. ఇంజిన్లు దీర్ఘాయువులు. కానీ ఆ పేరు వల్లే అరిగిపోయిన టకోమాకు కూడా మంచి ధర పలుకుతుంది, అంత పెట్టి కొన్నాక ఫ్రేము పుచ్చిందని తెలిస్తే ఏమీ మిగలదు. 1995 నుంచి 2000 దాకా వచ్చిన టకోమాల ఫ్రేములు తుప్పుతో చిల్లులు పడుతున్నాయని ఫిర్యాదులు రావడంతో 2008లో టొయోటా వాటికి పదిహేనేళ్ల హామీ ప్రకటించింది, కొన్ని బండ్లను తానే తిరిగి కొనుక్కుంది. తరువాతి తరంలోనూ ఇదే సమస్య మీద కోర్టు వ్యాజ్యం నడిచి, 2005 నుంచి 2010 దాకా వచ్చిన టకోమాలను కూడా కలుపుకొని 2016లో రాజీ కుదిరింది. అందువల్ల టకోమా కొనేవారికి ఒక ఆశాజనకమైన ప్రశ్న ఉంది: ఫ్రేము కంపెనీ తరఫున మార్చారా? మార్చినట్టు కాగితాలు చూపిస్తే అది నిజంగా మంచి బండి. 2005 నుంచి బెడ్ లోపలి తొట్టి తుప్పు పట్టని మిశ్రమ పదార్థంతో వచ్చింది, పట్టీలు తగిలించే పట్టాలు బెడ్ గోడలకు వచ్చాయి. బైకు మోసేవారికి ఇవి రెండూ రోజూ ఉపయోగపడే సదుపాయాలు.

నిస్సాన్ ఫ్రంటియర్ తన సామర్థ్యానికి తగిన ధర పలకని బండి, అందుకే నాకు ఇష్టం. 2005 నుంచి 2010 దాకా వచ్చిన ఆటోమేటిక్ బండ్లలో ఒక పెద్ద ముప్పు ఉంది. గేర్ ఆయిల్‌ను చల్లబరిచే భాగం రేడియేటర్ లోపలే ఉంటుంది, అది పగిలితే కూలెంట్ గేర్ బాక్సులోకి పోయి ఆయిల్‌తో కలిసి గులాబి రంగు చిక్కటి పాలలా మారి, గేర్ బాక్సును తినేస్తుంది. రేడియేటర్ మార్చిన రసీదు ఉందా అని అడగాలి. లేకపోతే బేరంలో ఆ ఖర్చు తగ్గించుకుని, కొన్న వారంలోనే కొత్త రేడియేటర్ వేయించాలి. మాన్యువల్ గేర్ బాక్సు బండికి ఈ బాధ లేదు. క్రూ క్యాబ్‌కు ఆరడుగుల బెడ్ కలిసి వచ్చిన ఫ్రంటియర్లు కూడా ఉన్నాయి, కుటుంబం ఉన్నవారు వాటి కోసమే వెతకాలి.

షెవర్లె ఎస్-10, దాని జోడీ జీఎంసీ సొనోమా 2004 దాకా వచ్చాయి. ధర అన్నిటికన్నా తక్కువ, విడిభాగాలు చవక, 4.3 వీ6 గట్టిది. ట్యాంకులోని పెట్రోలు పంపు వీటికి తెలిసిన బలహీనత. వీటి తరువాత వచ్చిన కొలరాడోలో 2004 నుంచి 2006 దాకా సిలిండర్ హెడ్డులో వాల్వుల దగ్గర అరుగుదల సమస్య ఉంది, కాబట్టి ఆ తరువాతి ఏళ్లవి చూడడం మేలు. డాడ్జ్ డకోటా చిన్నదానికీ పెద్దదానికీ మధ్యస్థం. క్లబ్ క్యాబ్‌కు ఆరున్నర అడుగుల బెడ్ రావడం దాని పెద్ద ఆకర్షణ. ముందు చక్రాలను సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింట్లు తప్పక ఊపి చూడాలి.

పెద్ద బండ్లలో 1999 నుంచి 2006 దాకా వచ్చిన సిల్వరాడో, 4.8 లేదా 5.3 లీటర్ల ఇంజిన్‌తో, నా దృష్టిలో మొదటిది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాల్లో తిరిగిన వాటికి స్టీలు బ్రేకు గొట్టాలు పుచ్చిపోతాయి కాబట్టి ఫ్రేము పక్కన పోయే ఆ సన్నని గొట్టాలను చివరిదాకా చూడాలి. 2007 నుంచి 5.3 ఇంజిన్లలో ఇంధన ఆదా కోసం కొన్ని సిలిండర్లను ఆపే ఏర్పాటు వచ్చింది, దానితో పాటు వాల్వులను ఎత్తే లిఫ్టర్లు చెడిపోయే బెడదా వచ్చింది. ఫోర్డ్ ఎఫ్-150 కొనేవారు సిలిండరుకు రెండు వాల్వులుండే 4.6 లీటర్ల ఇంజిన్ వైపు మొగ్గాలి. 2004 తరువాతి 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గులు తీసేటప్పుడు విరిగి లోపల ఉండిపోతాయి, వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే క్యామ్ ఫేజర్లు అరిగి టకటకమంటాయి, ఆ మరమ్మతు చవక బండి ధరలో సగం దాకా పోవచ్చు.

ఫ్రేము కింద గడిపే అరగంట

నేను బండి చూడడానికి వెళ్లేటప్పుడు పాత దుప్పటి, టార్చి, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్ తీసుకెళతాను. అమ్మేవారి అనుమతి అడిగి, దుప్పటి పరుచుకుని, క్యాబిన్ వెనుక నుంచి వెనుక బంపరు దాకా ఫ్రేమును సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతాను. బాగున్న ఇనుము ఖంగుమని మోగుతుంది. పుచ్చిన ఇనుము మోగదు, తడి చెక్కను తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది, పొరలు పొరలుగా పెచ్చులు ముఖం మీద రాలతాయి. పైపైన పట్టిన గోధుమరంగు తుప్పు చూసి భయపడనవసరం లేదు, అది ప్రతి పాత బండికీ ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొన దిగబడితే మాత్రం ఇక మాట్లాడవలసింది లేదు, దుప్పటి మడిచి లేవాలి. చూడవలసిన చోట్లలో ముఖ్యమైనవి కమాన్ కట్టలను ఫ్రేముకు తగిలించే కొక్కేలు, వెనుక ఇరుసు పైన ఫ్రేము వంపు తిరిగే భాగం, స్టెప్నీ పైన ఎవరూ కడగని చోటు, బెడ్‌ను ఫ్రేముకు బిగించిన బోల్టుల చుట్టూ ఉన్న రేకు. రేంజర్‌లో కమాన్ కట్టల కొక్కేలు ముందుగా పోతాయి. అవి విడిగా దొరికే భాగాలే కాబట్టి ఫ్రేము బాగుంటే ఆ ఒక్క లోపానికి బండిని వదులుకోనక్కర్లేదు.

డబ్బా ఆకారపు ఫ్రేము లోపలి నుంచి పుచ్చుతుంది. నీళ్లు పోవడానికి అడుగున ఉన్న రంధ్రంలో వేలు పెట్టి చూస్తే, బురద వస్తే ఫరవాలేదు, అప్పడం ముక్కల్లాంటి తుప్పు పెచ్చులు వస్తే అనుమానించాలి. కింద అంతా నిగనిగలాడే తాజా నల్లరంగు పూసి ఉంటే అది నాకు సంతోషం కలిగించదు. నిన్న మొన్న పూసిన రంగు దేన్నో దాచడానికే పూసి ఉంటారని అనుకుని, అక్కడే ఎక్కువసేపు తడతాను.

ఇంజిన్ పరీక్షకు ఒకటే నియమం: మీరు వచ్చేసరికి అది చల్లగా ఉండాలి. బానెట్ మీద చేయి వేసి వెచ్చగా తగిలితే, ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, మరో రోజు వస్తామని చెప్పాలి. చల్లటి ఇంజిన్ తొలి నిమిషంలో చేసే చప్పుడు, వదిలే పొగ దాని వయసును దాచకుండా చెబుతాయి. నీలి పొగ ఆయిల్ కాలడం, తియ్యటి వాసనతో ఆగకుండా వచ్చే తెల్లపొగ కూలెంట్ కాలడం. మీటరు చూపించే దూరం కన్నా ఆయిల్ మార్పించిన రసీదుల కట్ట నాకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఫోర్ వీల్ డ్రైవ్, గేర్ బాక్సు

ట్రాకు దాకా కంకర దారి ఉన్నవారికి టూ వీల్ డ్రైవ్ చాలు. తడిసిన గడ్డి మైదానాల్లోనూ, ఇసుకలోనూ, మంచులోనూ బండి ఆపుకోవలసినవారికి ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమే, వారు దానికి తగ్గట్టు డబ్బూ పెట్టాలి. మధ్యలో ఉన్నవారు, ఎప్పుడైనా అవసరం పడుతుందేమో అనుకునేవారు, మంచి టైర్లతో టూ వీల్ డ్రైవ్ కొనుక్కుంటే బెడ్ ఎత్తు తగ్గుతుంది, చెడిపోయే భాగాలు తగ్గుతాయి, అదే ధరకు కాస్త కొత్త బండి దొరుకుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి చూస్తే, మట్టి నేల మీద దాన్ని వేసి, తీసి, తక్కువ గేరులో కూడా నడిపి చూడాలి. గేర్ బాక్సు విషయంలో నా మొగ్గు మాన్యువల్ వైపే. క్లచ్ అరిగిందో లేదో పది నిమిషాల్లో తెలుస్తుంది, మార్చడానికి అయ్యే ఖర్చు ముందే లెక్క కట్టవచ్చు.

పట్టీలు కట్టే చోటు

బెడ్‌లో కొక్కేలు ఎక్కడున్నాయో చూడకుండా కొనేవారు చాలామంది. ముందు మూలల్లో గట్టి కొక్కేలుంటే, హ్యాండిల్ రెండు వైపుల నుంచి పట్టీలు ముందుకు, పక్కకు వాలుగా లాగి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు సగం దాకా కుంగేట్టు కట్టవచ్చు. పూర్తిగా అణచి కడితే ఫోర్కు సీళ్లు పాడవుతాయి, వదులుగా కడితే గుంతలో ఫోర్కు కుంగినప్పుడు కొక్కెం జారుతుంది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య తగిన కొయ్యదిమ్మె పెడితే రెండు బాధలూ తప్పుతాయి. కొక్కేలు లేని బండికి కంటి బోల్టులు బిగించుకోవచ్చు, అయితే ఆ చోట రేకు గట్టిగా ఉండాలి, అడుగున వెడల్పాటి వాషరు వేయాలి. ప్లాస్టిక్ లైనర్‌కే అతికిన కొక్కేలను నమ్మవద్దు.

పికప్ కాకుండా వేరే దారి

ఇప్పటికే మంచి కారు ఉన్నవారు, నెలకొక్కసారి మాత్రమే తొక్కేవారు చిన్న ట్రైలర్ గురించి ఆలోచించాలి. బైకును నడుమెత్తులోపే ఎక్కించవచ్చు, రెండో ఇంజిన్‌ను పోషించనక్కర్లేదు. ట్రైలర్ నిలుపుకోవడానికి చోటు లేనివారికి ఇది కుదరదు. కారు వెనుక కొక్కేనికి తగిలించే క్యారియర్ అంతకన్నా చవక, కానీ బైకు 110, క్యారియర్ 20, 25 కలిపి 130 కిలోలు దాటిన బరువు పూర్తిగా ఆ కొక్కెం మీదే వేలాడుతుంది. చిన్న కార్లకు వచ్చే ఒకటో తరగతి కొక్కెం నిలువుగా మోయగలిగేది 90 కిలోలే. రెండో తరగతిది దాదాపు 159 కిలోలు మోస్తుంది, అయినా కారు కంపెనీ ఇచ్చిన పరిమితి అంతకన్నా తక్కువగా ఉంటే దానికే కట్టుబడాలి.

పోయినేడు ఒక మిత్రుడి కోసం రెండు బండ్లు చూశాం. ఒకటి మెరిసిపోతున్న టకోమా, ఇంజిన్ గడియారంలా నడుస్తోంది, కానీ వెనుక ఇరుసు పైన ఫ్రేములో స్క్రూడ్రైవర్ అంగుళం దిగింది. రెండోది రంగు వెలిసిన రేంజర్, ఎక్స్‌టెండెడ్ క్యాబ్, ఆరడుగుల బెడ్, 2.3 ఇంజిన్, క్లచ్ జారుతోంది, సీటు చిరిగి ఉంది, ఫ్రేము మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు ఖంగుమంది. క్లచ్ ఖర్చు ధరలో తగ్గించమని అడిగితే అమ్మేవారు ఒప్పుకున్నారు. మరుసటి శనివారం క్లచ్ మార్పించాం, ఆదివారం బైకును మూలగా ఎక్కించి టెయిల్‌గేటు మూస్తే, తలుపుకూ వెనుక టైరుకూ మధ్య రెండు వేళ్ల సందు మిగిలింది.